గుద్దుడు గేటుకు అంబులెన్స్

అది 2004. వానాకాలం వెనక్కి తగ్గి, పత్తి పూత మీద ఉన్న రోజులు. ఖమ్మం జిల్లాలో అడవి అంచున, కొత్తగూడెం వైపు పోయే ఒంటి బొగ్గు లైను మీద నేను గేటు డ్యూటీ చేస్తున్నాను. మా ఆయన పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్‌గా పనిచేస్తూ పోతే ఈ గేటు ఉద్యోగం నాకిచ్చారు. నేను చదివింది నాలుగో తరగతి. గేటు పనికి అంతకంటే పెద్ద చదువేమీ అక్కర్లేదు. చెవులు బాగుండాలి, చెప్పిన మాట మీద నిలబడాలి.

మా గేటుకు రైల్వే వాళ్ళు ఒక నంబరు పెట్టారు. చుట్టుపక్కల వాళ్ళకు మాత్రం అది గుద్దుడు గేటు. పక్కనున్న ఊరినీ అదే పేరుతో పిలిచేవారు. ఆ పేరు ఎలా వచ్చిందో మా మామ చెప్పగా నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆయన కూడా ఈ లైను మీదే గ్యాంగులో చేశాడు.

అప్పుడు ఆవిరి ఇంజన్లు. ఒంటి లైను కాబట్టి ఒకేసారి రెండు బళ్ళు ఎదురెదురుగా రాకుండా టోకెన్ అనే పద్ధతి ఉండేది. తోలుసంచిలో ఒక ఇనుప గుండు పెట్టి, పెద్ద రింగుకు కట్టి డ్రైవరుకిస్తారు. మా మామ వాళ్ళు దాన్ని గోలా అనేవారు. ఏ ముక్క లైనుకు ఏ గోలానో దాని మీద చెక్కి ఉంటుంది. అది చేతిలో లేనిదే బండి కదలకూడదు. ఒకరోజు ఖాళీ వ్యాగన్ల డ్రైవరు బండి నడుస్తుండగానే రింగు అందుకున్నాడు. సంచి విప్పి చూడలేదు. అందులో ఉన్నది ముందు లైనుది కాదు, దాటి వచ్చిన వెనక ముక్క గోలా. ఎదురుగా బొగ్గు నింపుకున్న బండి వస్తోంది. మా గేటు దగ్గరి వంపులో రెండు ఇంజన్లూ ముఖాముఖి గుద్దుకున్నాయి.

"ఆ సప్పుడుకు అడివిల పిట్టలు లేశి రెండు రోజులు మళ్ళ రాలె బిడ్డా" అనేవాడు మా మామ.

బొగ్గు ఎగిరిపడిన చేను బొగ్గుచెల్క అయింది. వానలు పడ్డప్పుడల్లా జనం అక్కడ బొగ్గు ఏరుకుని పొయ్యిలో పెట్టుకునేవారట. దెబ్బలు తగిలిన డ్రైవరును మోసుకొచ్చి ఒక రాతి మీద పడుకోబెట్టారు. అతను అక్కడే ప్రాణం విడిచాడు. ఎక్కడివాడో, పేరేమిటో ఆ జనానికి తెలియదు. అడుగుదామంటే భాష రాదు. అందుకని ఆ రాయికి డ్రైవర్ బండ అని పేరు పెట్టుకున్నారు. ఇవన్నీ ఏ కాగితం మీదా ఉన్న పేర్లు కావు. మేకలు కాసేవాళ్ళ నోట్లో, కూలికి పోయే ఆడవాళ్ళ నోట్లో బతికిన పేర్లు.

నేను డ్యూటీలో చేరిన కొన్నేళ్ళకు ఊరికి శ్రీరామనగర్ అని కొత్త బోర్డు వచ్చింది. పెట్టించింది రాఘవయ్య గారు. కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొని పత్తి, మిర్చి పండించే రైతు. మంచి మనిషి. ఆయన బాధ ఆయనది.

"ఊరి పేరు చెబితే లారీవాడు పకపకా నవ్వుతాడమ్మా. గుద్దుడు ఏంటి, గుద్దుడు! శుభమా అని రాముడి పేరు పెడితే నీకు నోరు తిరగట్లేదా?" అని నన్ను దబాయించేవాడు.

"రాములోరి పేరు మంచిదే గాని రాఘవయ్య గారూ, మా రైల్వేకు రాముడైనా రావణుడైనా నంబరే" అనేదాన్ని. ఆయన భార్య సీతారావమ్మ గారైతే పాత పేరు నోట రానిచ్చేది కాదు. ఎవరన్నా అంటే చెంపలు వేసుకునేది.

ఆ రోజు పొద్దున రాఘవయ్య గారు పత్తికి పురుగుమందు కొట్టడానికి తనే వెళ్ళాడు. ముక్కుకు గుడ్డ కట్టుకోలేదు. గాలికి ఎదురు నిలబడి కొట్టాడు. కాసేపటికి నలుగురు ఆయన్ని నులక మంచం మీద వేసుకుని పరుగున నా గేటు దగ్గరకు తెచ్చారు. ఒళ్ళంతా చెమట, నోటివెంట నురగ, కళ్ళు తేలేస్తున్నాడు. ఊళ్ళో ట్రాక్టరు దుక్కిలో దిగబడి ఉంది, ఆటోలు సంతకు పోయాయి. వానకు ఊరి ఫోను చచ్చి ఎన్నాళ్ళో అయింది. మిగిలింది నా గేటు ఫోను ఒక్కటే. దాని హ్యాండిల్ తిప్పితే మా స్టేషన్లో తప్ప ఇంకెక్కడా మోగదు.

"రాజమ్మా, నీకు పుణ్యం ఉంటుంది, ఎవరికన్నా చెప్పవే తల్లీ!" అని సీతారావమ్మ గారు నా చెయ్యి పట్టుకుంది.

స్టేషన్ మాస్టరు ఎత్తాడు. "సార్, మందుగాలి తాకి మనిషి పడిపోయిండు. పాల్వంచ దవాఖానాకు చెప్పి అంబులెన్స్ పంపియ్యుండ్రి" అన్నాను.

"యాడికి రమ్మనాలె?"

నేను నోరు తెరిచేలోపే సీతారావమ్మ గారు ఫోను మీదికి వంగి అరిచింది. "శ్రీరామనగర్ అండీ! శ్రీరామనగర్ రాఘవయ్య అని చెప్పండి బాబూ!"

సారు సరేనని పెట్టేశాడు. మేము రాఘవయ్య గారి చొక్కా విప్పి, సబ్బు రుద్ది బిందెలతో నీళ్ళు పోశాం. నురగ గొంతుకు అడ్డం పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టాను. పత్తి ఊళ్ళలో ఇలాంటివి చూసీ చూసీ ఈమాత్రం అందరికీ వస్తుంది. తరువాత అందరం రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాం. సైరన్ లేదు. అంబులెన్స్ రావలసిన వేళ ఎప్పుడో దాటిపోయింది. రాఘవయ్య గారి ఊపిరి గురగురమంటోంది.

చివరికి ఫోను మోగింది.

"రాజమ్మా, శ్రీరామనగర్ అంత తిరిగిండ్రట. రాఘవయ్య అన్నోడు ఎవ్వడు లేడంటుండ్రట. డ్రైవర్ ఎస్టీడీ బూతుల నిలబడి ఉన్నడట, ఏం జెప్పమంటవ్?"

"ఏ శ్రీరామనగర్ సార్?"

"చండ్రుగొండ దారిలది."

భద్రాద్రి రాముడి దయవల్ల మా చుట్టుపక్కల శ్రీరామనగర్లకు కొదవ లేదు. చండ్రుగొండ దారిలో ఒకటి, వాగు అవతల ఇంకొకటి. మాది అన్నిటికంటే కొత్తది. బోర్డు కట్టినవాళ్ళకూ, దాని ముందు ఆగే బస్సువాళ్ళకూ తప్ప ఎవరికీ తెలియదు.

"సార్, గుద్దుడు గేటు అని చెప్పుండ్రి."

"గదేం అడ్రస్, రాజమ్మా? మండలం జెప్పు, పంచాయితీ జెప్పు."

"మండలం గిండలం ఎందుకు సార్? డ్రైవర్ ఈ దిక్కోడైతే గంతే సాలు."

సారు ఇంకా తటపటాయిస్తున్నాడు. సీతారావమ్మ గారు నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "గుద్దుడు గేటు బాబూ! గుద్దుడు గేటు! అదే చెప్పండి, మీ కాళ్ళు పట్టుకుంటా!" అని గొంతు చించుకుంది. ఆమె నోట ఆ పేరు నేను వినడం అదే మొదలు. మంచం చుట్టూ ఉన్నవాళ్ళెవరూ నవ్వలేదు.

కాసేపటికి మళ్ళీ ఫోను. ఈసారి బండి కోసం. బొగ్గు బండి బయలుదేరుతోంది, గేటు వెయ్యమని. నేను గేటు దించి, తాళం వేసి, ప్రైవేట్ నంబర్ చెప్పాను. గేటు పడిందని గేటుమనిషి స్టేషన్‌కు ఇచ్చే గుర్తు అంకె అది. ఒకసారి ఆ అంకె ఇచ్చాక బండి దాటేదాకా గేటు ఎత్తడానికి లేదు. నా అంకె మీద నమ్మకంతోనే అవతల బొగ్గు బండి డ్రైవరు వేగం తగ్గించకుండా వస్తాడు.

సరిగ్గా అప్పుడు వినబడింది సైరన్. తెల్లటి వ్యాను అవతలి గేటుకొయ్య దగ్గరకొచ్చి ఆగింది. ఇవతల మంచం, అవతల అంబులెన్స్, మధ్యలో పట్టాలు.

"తియ్యి రాజమ్మక్కా! బండి యాడుంది? కనబడుతలేదు గదా!" అని మంచం మోసుకొచ్చిన నలుగురిలో ఒకతను తాళం మీద చెయ్యి వేశాడు.

"ఒక్క నిమిషం తియ్యమ్మా, నీ బిడ్డలు చల్లగుండ!" అని సీతారావమ్మ గారు ఏడుస్తోంది.

"ఈడ ఒక్కపారి గుద్దుకున్నది సాలు. వంపు అవతల ఏమున్నదో నీకు కనబడదు, నాకు కనబడదు. చెయ్యి తియ్యి" అన్నాను. అతను నా ముఖం చూసి చెయ్యి తీశాడు.

అవతలి నుంచి అంబులెన్స్ డ్రైవరు కేకేశాడు. "అక్కా, తియ్యకు! మోత ఇనబడుతుంది. పెద్దాయన తల జర ఎత్తి పట్టుండ్రి!"

అతను అంటుండగానే వంపులోంచి ఇంజన్ బయటపడింది. నేను పచ్చజెండా పట్టుకుని నిలబడ్డాను. బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి, తెగవు, ఆగవు. సీతారావమ్మ గారు ప్రతి వ్యాగన్‌కూ కళ్ళు మూసుకుంటోంది. గార్డు డబ్బా దాటింది, సారుకు చెప్పాను, తాళం తీశాను. గేటు పూర్తిగా లేవకముందే మంచం కొయ్య కిందినుంచి అవతలికి పోయింది.

"ముందుగాల్నే గుద్దుడు గేటు అంటె ఎప్పుడో వచ్చి పడేటోన్ని గదా" అన్నాడు డ్రైవరు తలుపు వేస్తూ. "మా తాత గీ బొగ్గుచెల్కల ఏరిన బొగ్గుతోనే అన్నం వండుకున్నడు. శ్రీరామనగర్ అంటె నాకేమెరుక?"

రాఘవయ్య గారు బతికాడు. చాలా రోజులు దవాఖానాలో ఉండి, బస్సులో తిరిగొచ్చాడు. ఆ పూట నేను డ్యూటీలోనే ఉన్నాను. కండక్టరు "శ్రీరామనగర్ దిగేటోళ్ళు!" అని అరిచాడు. భార్య భుజం పట్టుకుని మెట్లు దిగుతూ ఆయన వెనక్కి తిరిగి, "గుద్దుడు గేటు అనవయ్యా, రాముడేం అనుకోడులే!" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆయనకూ నవ్వొచ్చింది గానీ దాని వెనకే దగ్గు కూడా వచ్చింది.

నాకు తరువాత వేరే గేట్లకు బదిలీ అయింది. ఎక్కడికి పోయినా డ్యూటీలో చేరిన మొదటిరోజే చేసే పని ఒకటి ఉంది. పట్టాలు దాటే మేకలవాళ్ళనూ, కట్టెల మోపులవాళ్ళనూ ఆపి, "ఈ వంపును మీరేమంటరు? ఆ నీళ్ళ ఒర్రెనేమంటరు?" అని అడుగుతాను. ఎందుకని వాళ్ళడుగుతారు. "ఎవలకన్న పాణం మీదికొస్తే ఏమని పిలవాల్నో తెలవాలె గదా" అంటాను. అప్పుడు మోపు దించి, కూర్చుని, తీరిగ్గా చెబుతారు.