పక్కింటి అక్క వ్యాసం చదివి వినిపించిన రోజు

నా చిన్నప్పుడు, మెట్టుగూడలో మా పక్క వాటాలో ఒక అక్క ఉండేది. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. వాళ్ల నాన్న రైల్వే గేటు దగ్గర పనిచేసేవారు. చదువు రాదు. ఎంత నెమ్మదస్తుడంటే, ఆయన గొంతు నేను సరిగ్గా విన్నది ఆ ఒక్క రోజే.

కాలేజీలో అక్కను తెలుగు వ్యాసం రాసిమ్మన్నారు. బాగున్నవి కాలేజీ పత్రికలో అచ్చు వేస్తారట. అక్క వాళ్ల నాన్న గురించి రాసింది. తను పుట్టకముందు ఓసారి పట్టా విరిగితే, ఆయన ఎర్రజెండా పట్టుకుని ఎదురు పరుగెత్తి రైలును ఆపిన సంగతి. మా వీధిలో అందరికీ తెలిసిన కథే. మెడలో దండతో ఆయన నిలబడ్డ ఫొటో వాళ్ల ముందుగదిలో ఉండేది.

మా తాతయ్య ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. వ్యాసం దిద్దిపెట్టమని అక్క ఆయన్ను అడిగింది. ఆయన పద్ధతి ఆయనది. ఒకరు కామాలతో సహా పైకి చదవాలి, ఆయన పెన్సిలుతో వరుస వెంట వెళతారు. చదివే పని నాది. అప్పుడు నాకు పదేళ్లు. మొదటిసారి ఒత్తులు, దీర్ఘాలు దిద్దారు. రెండోసారి పేరాలు అటూ ఇటూ మార్చి, నాలుగు చోట్ల ఉన్న 'మహోన్నతమైన' అనే మాటను మూడు చోట్ల కొట్టేశారు. అయిపోయిందనుకున్నాం. అప్పుడాయన, "ఎవరి గురించి రాశావో ఆయన వినలేదు కదమ్మా. నాన్నను పిలువు," అన్నారు.

అక్క వాళ్ల అమ్మానాన్నలిద్దరూ వచ్చారు. అమ్మ చాప మీద కూర్చుంది. ఆయన గుమ్మం పక్కనే నిలబడ్డారు. నేను హుషారుగా చదివాను. రైలు ఆగిన చోటికి వచ్చాక, మెచ్చుకుంటారేమోనని తలెత్తి చూశాను. ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకుని ఉన్నారు.

"ఆపు బిడ్డా. గా దినం ఉరికింది నేను గాదు," అన్నారు.

అక్క నవ్వబోయి ఆగిపోయింది.

"నాతోని పనిచేసెటోడు ఒకడుండె. వాడు నా చేతులకెళ్లి జెండ గుంజుకొని ఉరికిండు. నాకు కాళ్లు ఆడలే, గేటు కాడనే నిలబడ్డ. వాడు పట్టాల మీద పడ్డడు. కాలు పోయింది వానిది. దండ పడ్డది నా మెడల. అందరు నేనే అనుకున్నరు. నేను కాదనలే."

పెద్దవాళ్లు అలా మాట్లాడగలరని నాకు తెలియదు. "ఇన్నేండ్లల్ల నాకు సుత చెప్పలేదేందయ్యా," అంటూ వాళ్లమ్మ ఉన్నచోటనే బిగుసుకుపోయింది.

అక్క ఏడవలేదు. "ఆయన ఇప్పుడు యాడుంటడు?" అని మాత్రం అడిగింది.

"మౌలాలిల."

వ్యాసం మర్నాడే ఇవ్వాలి. అక్క ఇవ్వలేదు. మళ్లీ మొదటినుంచీ రాసింది. 'మా నాన్న ఆ రోజు పరుగెత్తలేదు' అని మొదలుపెట్టింది. ఆదివారం తండ్రిని వెంటబెట్టుకుని మౌలాలి వెళ్లి, ఆ కాలు పోయినాయనకు చదివి వినిపించింది. ఆయన అంతా విని, "నన్ను భుజాన ఏసుకొని దవాఖానదాకా ఉరికింది మీ నాయననే. గది రాయకుంటె ఎట్ల?" అన్నారట. తండ్రి ఆ ముక్క కూడా అంతవరకూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

గడువు దాటడంతో వ్యాసం పత్రికలో రాలేదు. తాతయ్య మాత్రం అందులో ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.

ఇప్పుడు మా మనవరాలి వ్యాసాల్లో అచ్చుతప్పులు కంప్యూటరే చూపిస్తుంది. అయినా ఇచ్చేముందు నాకు చదివి వినిపిస్తుంది. ఎవరినైనా మెచ్చుకున్న వాక్యం రాగానే, వాళ్లకు వినిపించావా అని అడుగుతాను. ఎందుకమ్మమ్మా, మంచిగానే రాశాను కదా అంటుంది. మంచిమాట విని ఒక మనిషి అలా ముఖం కప్పుకోవడం నేను చూశాను. ఆనాటి ఉలికిపాటు నన్ను ఇంకా వదల్లేదు.