తువ్వాలు కింద పాస్‌వర్డ్

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా వైపు ఊళ్లలోకి వస్తున్న రోజులు. గుడివాడలో కంప్యూటర్ కోర్సు చేసి, దివిసీమలో నాగాయలంక దగ్గర ఒక రొయ్యల షెడ్డులో ఉద్యోగానికి చేరాను. ట్రే కాటా మీద పెట్టగానే ఆ తూకాన్ని చేతి కంప్యూటర్‌లో కొట్టాలి. తీగ లేదు, గొట్టం లేదు. అంకె గాల్లోంచి వెళ్లి లోపలి గదిలో ఉన్న కంప్యూటర్‌లో వాలేది. మొదటి వారమంతా కొట్టడం, లోపలికి పరిగెత్తి చూసుకోవడం, ఇదే పని. చూసిన ప్రతిసారీ ఒళ్లు జలదరించేది.

అంత అబ్బురపడ్డదాన్ని కాస్త బుద్ధిగా ఉండొద్దూ! ఆ వైర్‌లెస్ పాస్‌వర్డ్ ఎక్కడ మరిచిపోతానోనని అట్టముక్క మీద రాసి, కాటా పక్కనే అతికించాను. నెల తిరక్కుండానే మా తూకాలన్నీ ఇంకో కొనుగోలుదారు మనుషులు తమ కంప్యూటర్‌లో చూసేస్తున్నారని తేలింది. బందరు నుంచి మేనేజరు గారు ఫోన్లో కేకలేశారు.

"ఇంకొక్కసారి బయటికి పొక్కిందా, నువ్వు ఇంటికే!"

ఆ ఇంటికి నా ఉద్యోగమే ఆధారమని ఆయనకు తెలియదు.

ఆ సాయంత్రం నేను వెళ్లిపోయాక ఆయనే స్వయంగా వచ్చి, గోడ మీది వైర్‌లెస్ పెట్టెలో పాస్‌వర్డ్ మార్చారు. కొత్త పది అంకెలనూ కాటా వేసే తాతకు నోటితో చెప్పి, కాగితం మీద పెట్టొద్దని మరీ మరీ హెచ్చరించి వెళ్లారట. తాత వేలిముద్ర మనిషి. షెడ్డుకు రాకముందు చాలా ఏళ్లు పశువుల సంతల్లో బేరాలు కుదిర్చాడు.

పొద్దున నేను వెళ్లేసరికి రైతులు ట్రేలు దించేశారు. ఐసు కరుగుతోంది. అవతలి కొనుగోలుదారు మనిషి ఎప్పట్లాగే మా బెంచీ మీదే కూర్చుని, మా టీయే తాగుతున్నాడు.

"చెవిలో చెప్పండి తాతయ్యగారూ," అన్నాను.

"పెదాలు చూసి పట్టేసేవాళ్లుంటారమ్మాయ్. సంతల్లో అలాంటోళ్లని ఎంతమందిని చూళ్లేదు!" అని భుజం మీది తువ్వాలు తీశాడు. క్షణం తటపటాయించాడు. "ఈ గుడ్డ కిందికి ఆడపిల్ల చెయ్యి ఎప్పుడూ రాలేదు. ఏమనుకోకమ్మా, చెయ్యి ఇలా పెట్టు."

సంతలో బేరగాళ్లు ధర పైకి చెప్పకుండా చేసినట్టే, తువ్వాలు కింద నా వేళ్లు పట్టుకున్నాడు. ఎన్ని వేళ్లు పడితే అంత అంకె. అయిదు దాటితే ముందు గుప్పెడంతా పట్టి, తర్వాత మిగిలిన వేళ్లు. అరచేతిలో తట్టాడంటే ఆ అంకె అయిపోయినట్టు. సున్నాకు ఏం చెయ్యాలో కూడా ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. నా పిడికిలి మూసేశాడు.

చేతి కంప్యూటర్‌ను బల్ల మీద పెట్టి, రెండో చేత్తో ప్లాస్టిక్ పుల్ల పట్టుకుని ఒక్కో అంకే నొక్కాను. తెర మీద అన్నీ చుక్కలే. పదీ అయ్యాయి. కలవలేదు.

"మీరే ఏదో మరిచిపోయుంటారు," అన్నాను విసురుగా.

"మళ్లీ పెట్టమ్మా చెయ్యి."

మళ్లీ అవే పది, అదే వరుస. ఎక్కడా తడబాటు లేదు. ఇందాక ఆరో అంకె దగ్గర ఆయన అరచేతిలో తట్టకముందే నేను తొందరపడి నొక్కేశానని అప్పుడు తెలిసింది. ఈసారి తెర మీద పచ్చగీతలు లేచాయి. నేను ఆయన ముఖంలోకి చూస్తూ ఉండిపోయాను. అంకె రాయడం రాని మనిషి పదింటినీ మనసులో దాచుకుని, ఒక్కటీ జారిపోకుండా నా చేతిలో పెట్టాడు. అంకెలు గాల్లో వెళ్తున్నాయని అన్నాళ్లూ మురిసిపోయినందుకు సిగ్గేసింది. తప్పు ఆయన మీదికి నెట్టినందుకు ఇంకా సిగ్గేసింది.

అంతలో ఫోన్ మోగింది. మేనేజరు గారు.

"కలిసిందా?"

"కలిసిందండీ."

"ఏం కొట్టావో పైకి చదువు. సరిచూస్తాను."

ఆయన గొంతు ఫోన్ దాటి వినిపించినట్టుంది, బెంచీ మీద మనిషి టీ తాగడం ఆపాడు. చదవకపోతే పై అధికారికి ఎదురు చెప్పినట్టు. చదివితే అందరి ముందూ బయటపెట్టినట్టు. ఎటు చూసినా ఇంటిదారే.

"ఇక్కడ చెప్పనండీ," అన్నాను.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"ఎవరికీ చెప్పకు. నేనడిగినా సరే," అన్నారాయన. "తూకాలు పంపించు."