నీవెస్ అందించిన తప్పు మాట

ఇటలీలోని పార్మా ఊళ్లో ఒపేరా కబుర్లు ముందు యోలే కాఫీ కొట్లో పుట్టి, తర్వాతే పత్రికకు ఎక్కుతాయి. ఏ గాయని ఎవరితో భోజనానికి వెళ్లింది, ఎవరి గొంతు జీరబోయింది, పై గ్యాలరీవాళ్లు ఈసారి ఎవరిమీద ఈలలు వేయబోతున్నారు, అన్నీ అక్కడే తేలతాయి. ఆ గ్యాలరీ ఈల వేసిందంటే మెచ్చినట్టు కాదు, తరిమినట్టు.

నీవెస్ రోజూ అక్కడే కాఫీ తాగేది గాని, ఆ కబుర్లలోకి ఆమె పేరు ఏనాడూ రాలేదు. ఆమె పని అలాంటిది. వేదిక ముందంచున, జనానికి కనబడని చెక్క గూట్లో కూర్చుని, పాడేవాళ్లకు ప్రతి చరణం మొదటి మాటనూ ఒక ఊపిరి ముందుగా అందించాలి. పాట వచ్చినవాళ్లకూ అందించాలి, రానివాళ్లకూ అందించాలి. దర్జీ కూతురు, సంగీతం నేర్చుకుని, తన గొంతు హాలుకు చాలదని తెలిశాక ఆ గూట్లోకి దిగింది. పెళ్లి మాట ఎత్తినవాళ్లతో, "నా సంసారమంతా గూట్లోనే," అని నవ్వేసేది.

ఆ ఫిబ్రవరిలో కబురు పెద్ద గాయకుడు ఒట్టావియో మెలొట్టి మీద పడింది.

"నిజం చెప్పండి నీవెస్ గారూ," అంది యోలే కప్పు తుడుస్తూ. "ఆయనకు మాటలు గుర్తుండటం లేదటగా? ముందు వరసలో కూర్చున్న మా మరిదికి మీ గొంతు వినబడిందట."

"మీ మరిదికి పెళ్లాం మాట తప్ప అందరి మాటా వినబడుతుంది లెండి."

మూలబల్ల దగ్గర కొర్రాదో పగలబడి నవ్వాడు. ఊరి పత్రికలో ఒపేరా కబుర్లు రాసేది అతనే. "శనివారం వేదిక పక్క బాల్కనీలో కూర్చుంటున్నానమ్మా. చెవి మీ గూట్లోనే పెడతా."

నీవెస్ కాఫీ డబ్బులు బల్ల మీద పెట్టి లేచింది. కొన్ని నెలలుగా మెలొట్టికి ఆమె మొదటి మాట కాదు, చరణమంతా అందిస్తోంది. వచ్చే చలికాలం పెద్ద పాత్ర ఎవరికివ్వాలో యాజమాన్యం శనివారం ఆట చూశాకే తేలుస్తుంది. ఈ కబురు నిజమని తేలితే ఆయన పాట అంతటితో సరి.

శనివారం సాయంత్రం మెలొట్టి ఆమెను పిలిపించాడు. సగం ముఖానికే రంగు పడింది.

"నీ గొంతు నా కొంప ముంచుతోంది నీవెస్. ఇవాళ పెదవులు కదుపు చాలు. చప్పుడు వద్దు."

"ఎక్కడైనా ఆగిపోతే, మాస్టారూ?"

"ఆగిపోవడమా? నేనా? నువ్వా గూట్లోకి దిగకముందు నుంచీ ఈ రాజు వేషం కడుతున్నాను!"

రెండు అంకాలు గడిచాయి. మూడో అంకంలో రాజు కూతురికి వీడ్కోలు చెప్పాలి. వేదిక మీద దీపాలు తగ్గాయి; గూట్లో నీవెస్ పెదవులు చీకట్లో కలిసిపోయాయి. ఆయన వంతు వచ్చేలోపే నీవెస్ ఆయన ముఖం చూసింది. కూతురి వేషంలోని అమ్మాయిని చూసి, దారిలో ఎదురైన పరాయిమనిషిని పలకరించినట్టు మర్యాదగా నవ్వుతున్నాడు.

మెల్లగా అందిస్తే కొర్రాదో వింటాడు. ఊరుకుంటే హాలంతా వింటుంది.

నీవెస్ గొంతెత్తి అరిచింది. ఆఖరి అంకంలో రాజు సైనికులను తిట్టే చరణమది. వెంటనే, "అయ్యో, కాదు కాదు!" అంటూ హాలంతా వినబడేలా నొచ్చుకుని, అసలు చరణం అందించింది. జనం గొల్లున నవ్వారు. గ్యాలరీ ఈలలన్నీ గూటి మీదికి దిగాయి. ఆ గోలలో మెలొట్టి మాట అందుకున్నాడు. ఈలలు ఆగిపోయేలా పాడాడు.

సోమవారం పత్రికలో కొర్రాదో రాశాడు: ఇన్నాళ్లూ మెలొట్టిని తడబెట్టింది గూటిలోని గొంతేనట, పాపం దానికిక విశ్రాంతి కావాలట. యాజమాన్యం కూడా నీవెస్‌కు ఆ మాటే మర్యాదగా చెప్పి పని మాన్పించింది. పెద్ద పాత్ర మెలొట్టికే వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆయన కాఫీ కొట్టుకు వచ్చాడు.

"ఎంత కంగారు పెట్టావు నన్ను! ఆ చరణం నాలుక చివరే ఉంది. నువ్వరవకపోతే హాయిగా పాడుకునేవాణ్ణి."

నీవెస్ ఆయన కళ్లలోకి చూసింది. నటించడం లేదు.

"పొరపాటైంది మాస్టారూ."

"పోనీలే. వచ్చే ఏడు కొత్తమ్మాయి వస్తుందటగా. మొదటి మాట అందిస్తే చాలు నాకు."

ఆమె భుజం తట్టి తలుపు తీశాడు. గడప మీదే నిలబడిపోయాడు. వీధి నిండా మంచు. కుడికి చూశాడు, ఎడమకు చూశాడు, మళ్లీ కుడికి చూశాడు. చెయ్యి తలుపు మీదే ఉంది.

"ఎడమకి మాస్టారూ, వంతెన దాటితే మీ ఇల్లు," అంది నీవెస్, అలవాటు కొద్దీ.

ఆయన ఎడమకు తిరిగి వెళ్లిపోయాడు. తాను గూట్లో లేనని, ఆ మాట కొట్టంతా వినబడి ఉంటుందని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. మూలబల్ల దగ్గర కొర్రాదో చేతిలో పత్రిక కిందికి దించాడు.