పడుకున్న ఎనిమిది

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను రాజమండ్రి సర్వీస్ పాయింట్‌లో టెక్నీషియన్‌గా వేశారు. హోదా లెవెల్ వన్. జ్ఞాపకాలు రాసుకునే వయసు నాకింకా రాలేదు. కానీ ఆ ఉద్యోగం నుంచి మాత్రం పూర్తిగా రిటైరయ్యాను. పెన్షన్ కింద కోపం ఒక్కటే మిగిలింది. ఈమధ్య కుర్రాళ్లు మళ్లీ ఫిల్ము కెమెరాలు కొంటూ, ఏది మంచిదని నన్ను అడుగుతున్నారు. వాళ్లకు జవాబుగా ఒక్క సంఘటన రాస్తున్నాను.

కంపెనీ పేరు రాయను. ఒకప్పుడు యూరప్‌లో మంచి కెమెరాలు చేసి మూతపడిన పేరు అది. గోదావరి జిల్లాల్లో పాత స్టూడియోలవాళ్లందరికీ తెలుసు. చాలాకాలం ఎవరూ వాడకుండా పడి ఉన్న ఆ పేరును ఒక వ్యాపార సంస్థ కొనుక్కుంది. కొన్నది పేరు మాత్రమే. డ్రాయింగులు లేవు, ఫ్యాక్టరీ లేదు, ఆ పని తెలిసిన మనుషులు లేరు. కెమెరా బాడీ ఒక దేశంలోనూ, చేత్తో ఫోకస్ తిప్పుకునే లెన్సు ఇంకో దేశంలోనూ చేయించి, రెండింటి మీదా ఆ పాత అక్షరాలను పాత వంపులతోనే చెక్కించి అమ్మింది. సరుకు చెడ్డదని నేను అనను. షట్టర్ నమ్మకంగా పనిచేసేది. లెన్సులో గాజు నిజంగా మంచిది. నా కోపం గాజు మీద కాదు.

ఆ కంపెనీలో ఎవరు ఏ మర విప్పాలో రాసిపెట్టి ఉండేది. లెవెల్ వన్ వాడు దుమ్ము తుడవచ్చు, బ్యాటరీ మార్చవచ్చు, వెనక తలుపు అంచున ఉండే నల్ల స్పాంజి మార్చవచ్చు. లెన్సును కెమెరాకు తగిలించే లోహపు కట్టును మౌంటు అంటారు. దాని మరలు విప్పే అధికారం లెవెల్ టూది. గాజులు కదిపేది లెవెల్ త్రీ. రాజమండ్రిలో ఉన్నది నేనొక్కడినే. మిగతా రెండు లెవెల్సూ వేరే రాష్ట్రంలో, హెడ్డాఫీసులో ఉండేవి. మౌంటు మర మీద ఎర్ర లక్క చుక్క ఒకటి పెట్టేవారు. అది పగిలితే కొన్నవాళ్ల వారంటీ పోతుంది, పగలగొట్టినవాడి ఉద్యోగం పోతుంది. ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో డిప్లొమా చేసి, నాలుగు మరల ముందు చేతులు కట్టుకుని కూర్చునే ఉద్యోగం అది.

ఫిర్యాదుకూ ఒక పద్ధతి ఉండేది. కొన్నవాళ్లు టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేయాలి. అక్కడివాళ్లు విన్నదాన్ని ఇంగ్లీషులో ఒక్క వాక్యంగా కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. దాన్ని టికెట్ అనేవాళ్లు. హెడ్డాఫీసు టికెట్‌లో ఉన్నదే చూస్తుంది. నా పని సరుకు తీసుకుని, ప్యాక్ చేసి పంపడం.

డిసెంబరు మొదట్లో నాగమణి గారు వచ్చారు. నలభై దాటిన మనిషి. కోనసీమ అవతల ఒక రేవు పక్క ఊళ్లో ఫోటో స్టూడియో నడుపుతారు. అది వాళ్ల మేనమామ పెట్టిన స్టూడియో. ఆయన దగ్గర ఈ పేరుతోనే పాత కెమెరా ఉండేదట, ఈవిడ పని నేర్చుకున్నది దాని మీదే. కొత్తది కొన్నదీ ఆ పేరు చూసే. లెన్సు నా బల్ల మీద పెట్టి అన్నారు:

“ఎనిమిది దగ్గర కలవట్లేదండి.”

ఈ మాట తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. లెన్సు చుట్టూ దూరాలు మీటర్లలో చెక్కి ఉంటాయి. అన్నిటికన్నా చివర, ఎంత దూరానికైనా సరిపోయే గుర్తుగా అడ్డంగా పడుకున్న ఎనిమిది ఉంటుంది. ఇంగ్లీషులో ఇన్ఫినిటీ. మా వైపు స్టూడియోల్లో దాన్ని పడుకున్న ఎనిమిది అంటారు, తొందరలో ఎనిమిది అనేస్తారు. కెమెరాలోంచి చూస్తే మధ్యలో చిన్న గుండ్రం రెండు ముక్కలుగా కనబడుతుంది. ఫోకస్ కుదిరినప్పుడు బొమ్మలోని రెండు ముక్కలూ కలుస్తాయి. ఈ లెన్సును చివరిదాకా తిప్పినా దూరపు వస్తువు కలవడం లేదని ఆవిడ చెబుతున్నారు. నాకు చెప్పాల్సినంతా ఆ ఒక్క మాటలో చెప్పేశారు.

“టోల్‌ఫ్రీకి చేశారాండీ?” అని అడిగాను.

“ఆయ్, చేశానండి. ఎవరో తెలుగమ్మాయే ఎత్తింది. ఎనిమిది దగ్గర బొమ్మ కలవట్లేదని చెప్పాను. రాసుకున్నాను మేడమ్ అంది.” కాస్త ఆగి, “నెలాఖరు లోపు వచ్చేస్తుందాండి? మా నాన్నది ఆఖరి ట్రిప్పు,” అన్నారు.

ఆవిడ నాన్నగారు వెంకన్న గారు, ఆ రేవులో పంటు నడిపే సరంగు. జోడు పడవల మీద పలకలు పరిచి, మనుషుల్నీ బళ్లనీ కలిపి ఏరు దాటించేది పంటు. రేవు పక్కనే కొత్త వంతెన పూర్తయింది. నెలాఖరున అది తెరిచే రోజు సాయంత్రమే పంటు ఆఖరిసారి దాటి వస్తుంది. ఆవిడకు కావలసింది ఒక్క ఫోటో. రేవులో నిలబడి, ఏటి మధ్యలో వస్తున్న పంటునూ దాని మీద తండ్రినీ తీయాలి.

“మా అమ్మ రోజూ క్యారేజీ పట్టుకుని అక్కడే నుంచునేదండి. మొహం ఆనకముందే నాన్నని పోల్చేసేది. ఎడం భుజం వాల్చి నుంచుంటాడు. అమ్మ పోయింది. ఆవిడ చూసినట్టు ఒక్కటి తీసి గోడకి పెడదామని.”

ఆ సాయంత్రమే లెన్సునూ, నా దగ్గరుండే టెస్టు కెమెరానూ గోదావరి గట్టుకు తీసుకెళ్లాను. రాజమండ్రిలో ఈ పనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, నదే చాలు. కెమెరా వెనక తలుపు తీసి, షట్టర్ తెరిచి ఉంచి, ఫిల్ము ఉండే చోట గరుకు అద్దం ఆనించి భూతద్దంతో చూడాలి. అవతలి ఒడ్డున తాటిచెట్లు గీసినట్టు కనబడితే లెన్సు సరిగ్గా ఉన్నట్టు. ఇక్కడ తాటిచెట్లు తడిసిన సిరాలా అలుక్కుపోయాయి. రింగు చివరిదాకా తిప్పినా, పదునుగా కనబడింది రేవులో దగ్గరగా కట్టేసిన పడవ తాడు. పన్నెండు మీటర్లు దాటి ఆ లెన్సు చూడలేకపోతోంది. మౌంటు కింద ఏదో ఎక్కువైంది. లెన్సు ఫిల్ముకు వెంట్రుకవాసి దూరం జరిగినా ఇలాగే అవుతుంది. ఇన్ఫినిటీ అందడం లేదని ఇంగ్లీషులో రాసి, పక్కన పడుకున్న ఎనిమిది బొమ్మ కూడా గీసి, ఆ చీటీని లెన్సు మూతకు అంటించి పంపాను.

బాగుచేసిన సరుకు నా దగ్గరకు రాదు, నేరుగా కొన్నవాళ్ల ఇంటికి వెళుతుంది. కంప్యూటర్‌లో ‘సరిచేయబడింది, పాస్’ అని చూశాను. సంతోషించాను.

జనవరిలో ఆవిడ మళ్లీ వచ్చారు. సంచిలోంచి లెన్సు తీసి పక్కన పెట్టి, కడిగిన నెగెటివ్‌లు బల్ల మీద పరిచారు. “మా నాన్నని వెతికి పెట్టండి మరి,” అన్నారు.

లైట్ బాక్స్ మీద పెట్టి భూతద్దంతో చూశాను. మొదటి ఫ్రేములు రేవులో తీసినవి. తాడు, టీ కొట్టు, టికెట్లు చింపే ముసలాయన, అన్నీ బాగున్నాయి. తర్వాత పంటు వచ్చింది. ఏటి మీద బూడిదరంగు ముద్ద. దాని మీద నిలువుగా చిన్న మరకలు. ఆ మరకల్లో సరంగు ఎవరో, సైకిలు పట్టుకున్నవాడు ఎవరో చెప్పలేం. భుజం వాలిందో లేదో చూడాలంటే ముందు భుజం కనబడాలి. రోలు మారినా అదే ముద్ద.

“తీసేటప్పుడు తెలియలేదాండీ?” అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

“తెలీకేం! లెన్సు ముందురోజు సాయంత్రం వచ్చింది. రేవులో పెట్టి చూస్తే కలవలేదు. వెంటనే ఫోన్ చేశాను. కెమెరాలోంచి చూస్తే కలవకపోయినా ఫిల్ము మీద కలుస్తుంది మేడమ్, ఇక్కడ టెస్టు చేశాం, పార్సిల్‌లో ఫోటో కూడా పెట్టాం అన్నారు. ఫోటో చూస్తే కత్తిలా ఉంది. ఫిల్ము కడిగి చూసుకునే టైమెక్కడిది? నమ్మాను.”

ఆ టెస్టు ఫోటో తీసి ఇచ్చారు. ఏదో ఊళ్లో ఎత్తైన మేడలు. నిజంగానే కత్తిలా ఉంది. వెనక్కి తిప్పాను. ‘ఎఫ్ ఎనిమిది, పాస్’ అని స్టాంపు.

అప్పుడు అర్థమైంది. ఎఫ్ ఎనిమిది అనేది దూరం కాదు. లెన్సులో వెలుతురు దూరే కంతను ఎంత చిన్నది చేశామో చెప్పే అంకె. నిలబడి ఉండే మామూలు ఎనిమిది. టికెట్ తెరిచి చూశాను. ఫోన్‌లో ఆ అమ్మాయి ‘ఎనిమిది దగ్గర బొమ్మ బాగా లేదు’ అని ఇంగ్లీషులో రాసింది. హెడ్డాఫీసు కంతను ఎనిమిదికి పెట్టి ఫోటో తీసింది. కంత చిన్నదైతే దగ్గరా దూరమూ అన్నీ ఒక మోస్తరు పదునుగా వస్తాయి. అంటే ఈ లోపాన్ని దాచిపెట్టే అంకె దగ్గరే ఈ లోపం కోసం వెతికారు. పొద్దువాలిన వెలుతురులో, కదులుతున్న పంటును తీయాలంటే కంత పెద్దదిగా తెరవక తప్పదు. అంకె తగ్గేకొద్దీ కంత పెద్దదవుతుంది. నాగమణి గారు రెండుకు తెరిచారు. లోపమంతా బయటపడే అంకె అది.

ఇదంతా చెప్పాను. ఆవిడ నెగెటివ్‌ల వంకే చూస్తూ విన్నారు.

“అంటే, పడుకున్నదాన్ని లేపి నిలబెట్టి టెస్టు చేశారా?” అన్నారు. “మీ కంపెనీలో ఎనిమిదో ఎక్కం కూడా ఎవరికీ రాదేంటండి?”

ఆవిడ ఎదురుగానే సర్వీస్ మేనేజర్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. ఆయన తెలుగువాడే. జరిగింది వరుసగా చెప్పాను. పొరపాటైంది అన్న ఒక్క మాట వస్తుందనుకున్నాను.

“టెస్ట్ రిపోర్ట్ పాస్ ఉంది కదయ్యా,” అన్నారు.

“అది వేరే ఎనిమిది సార్. నేను మూత మీద చీటీ అంటించాను.”

“చీటీలు సిస్టమ్‌లోకి రావు. టికెట్‌లో ఏముంటే అదే చూస్తారు. అయినా ఫిల్మ్ కస్టమర్లకి కొంచెం సాఫ్ట్‌గా ఉంటేనే ఇష్టం. వింటేజ్ క్యారెక్టర్ అని బ్రోచర్‌లో మనమే వేశాం. అలా ఎక్స్‌ప్లెయిన్ చెయ్యి.”

ఆ పేరుకు విలువ తెచ్చిన పాత పనివాళ్లు మిల్లీమీటరులో వందో వంతు కోసం కళ్లు పోగొట్టుకున్నారు. వాళ్ల పేరు కొనుక్కుని, ఈ కంపెనీ తన లోపానికి వాళ్ల పాతకాలాన్ని సాకుగా చెబుతోంది. ఆ మాటే గట్టిగా అన్నాను. ఆయనా గొంతు పెంచారు.

“ఏదో ప్రపంచం మునిగినట్టు మాట్లాడతావేంటి? ఆ రోజు అంత జనం ఉంటారు. ఎవరో ఒకరు ఫోన్‌లో తీసే ఉంటారు. అది ప్రింట్ వేయించుకోమను.”

నాగమణి గారు ఫోన్ దగ్గరకు వంగారు. “ఫోన్‌తోనే సరిపెట్టుకునేదాన్నైతే మీ కెమెరా ఎందుకు కొంటానండి బాబూ?”

అటువైపు గొంతు మారింది. “సారీ మేడమ్, మీరు లైన్లో ఉన్నారని తెలీదు. గుడ్‌విల్ కింద రెండు ఫిల్మ్ రోల్స్ పంపిస్తాం.”

“రోల్స్ మీరు పంపుతారు. పంటు ఎవరు పంపుతారండి?” అని ఆవిడే బటన్ నొక్కి ఫోన్ పెట్టేశారు.

నేను స్క్రూడ్రైవర్ తీశాను. వారంటీ పోతుందని చెప్పాను. “ఉండి ఏం వెలగబెట్టింది?” అన్నారు. లక్క చుక్క పగలగొట్టి, నాలుగు మరలూ విప్పి, మౌంటు ఎత్తాను. కింద సన్నటి ఇత్తడి వాషర్ ఒకటి ఉండాలి. రెండున్నాయి. ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. బిగించినవాడు చూడలేదు, తనిఖీ చేసినవాడు చూడలేదు, తిరిగి వచ్చినప్పుడు హెడ్డాఫీసులో మౌంటు విప్పినవాడే లేడు. నేను పగలగొట్టేదాకా లక్క చుక్క ఫ్యాక్టరీలో పెట్టినట్టే ఉంది. ఎక్కువైనదాన్ని తీసి ఆవిడ అరచేతిలో పెట్టాను.

“పూతరేకంత లేదు,” అన్నారు.

పని మొత్తం పావుగంట పట్టలేదు. డిసెంబరులో మొదటిసారి ఆవిడ నా బల్ల ముందు నిలబడినప్పుడు కూడా పావుగంటే పట్టేది. ఆ పావుగంటను నాకు నిషేధించి, కంపెనీ దానికి క్వాలిటీ కంట్రోల్ అని పేరు పెట్టుకుంది.

మర్నాడు ఆవిడ ఫోన్ చేశారు. “రేవులోంచి చూశానండి. ఎనిమిది కలిసింది. కొత్త వంతెన బోల్టులతో సహా కనబడుతోంది.” గొంతులో ఏ మార్పూ లేదు. నాన్నగారు ఎలా ఉన్నారని అడిగాను. “వంతెన మీంచే సైకిలు మీద బజారుకెళ్లాడు,” అన్నారు.

ఆ లెన్సు తయారైన వరుసలోవన్నీ వెనక్కి పిలిచి మౌంటు చూడాలని హెడ్డాఫీసుకు రాశాను. దానికి జవాబు రాలేదు. లక్క చుక్క సంగతీ నేనే రాశాను. దానికి మాత్రం మర్నాడే వచ్చింది. అలా నా ఉద్యోగం అయిపోయింది. ఆ లెన్సులు ఇప్పటికీ అమ్ముతున్నారు. బ్రోచర్‌లో క్యారెక్టర్ అన్న మాట ఇంకొంచెం పెద్ద అక్షరాల్లో వేశారు.

ఇప్పుడు రాజమండ్రిలోనే ఒక సందులో సొంత బల్ల పెట్టుకున్నాను. కుర్రాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. కెమెరా మీద చెక్కిన పేరు దాన్ని ఎవరు చేశారో చెప్పదు, ఆ పేరు ఎవరు కొన్నారో మాత్రమే చెబుతుంది. కొత్త లెన్సును కావలసిన రోజుకు చాలా ముందు, కంత పూర్తిగా తెరిచి, ఏటి అవతలి ఒడ్డు మీద పరీక్షించాలి. పాస్ అని స్టాంపు ఉంటే ఇంకా జాగ్రత్తగా పరీక్షించాలి.

నేను నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. ఎవరైనా వచ్చి ఎనిమిది దగ్గర తేడాగా ఉందని చెబితే, పెన్ను తీయను, స్క్రూడ్రైవర్ తీయను. ముందు ఒకటి అడుగుతాను.

“ఏ ఎనిమిదండీ? నిలబడిందా, పడుకుందా?”