చీకటి పడకముందే కొత్తపేట

షోలాపూర్ నుంచి కొత్తపేటకి రెండు రోజుల్లో రావచ్చు. మాకు మూడు రోజులు పట్టింది. సాయంత్రం ఐదు దాటితే నాన్న వ్యాన్ నడపనన్నాడు. దారిదొంగల భయం అన్నాడు. నేను నమ్మాను.

తొంభైల మధ్యలో సంగతి ఇది. నాకు పదకొండేళ్ళు. అమ్మానాన్నలది కోనసీమే కాని, నేను పుట్టకముందే షోలాపూర్ వెళ్ళిపోయారు. నాన్న డ్రైవరుగా చేసిన మిల్లు మూతపడింది. కొత్తపేటలో ఉండే మావయ్య, అంటే అమ్మకి అన్నయ్య, అక్కడి స్కూలు వ్యాన్ మీద నాన్నకి డ్రైవరు పని మాట్లాడి, మాకు ఇల్లు కూడా చూసి ఉత్తరం రాశాడు. సామానంతా మా పాత వ్యాన్ వెనక సర్దుకుని ముందు సీట్లో ముగ్గురం కూర్చున్నాం. తలుపు పక్కన నేను.

బళ్ళో నా చదువు మరాఠీలో సాగింది. తెలుగు నేనే నేర్చుకున్నాను. మా పేటలో తెలుగువాళ్ళు నడిపే చిన్న గ్రంథాలయం ఉండేది. మొదట పాత వారపత్రికల్లో పెద్దక్షరాలు, తరవాత కథలు, ఆ తరవాత చేతికి ఏది దొరికితే అది: వరి తెగుళ్ళు, జాతకాలు, ఇంటి వైద్యం. బయల్దేరే నాటికి ఒక బీరువాలో మూడు అరలు పూర్తిచేశానని నాకు మహా గొప్ప. అందుకే జహీరాబాద్ దగ్గర తెలుగు బోర్డులు మొదలవగానే నాన్న "అదేంటో చదువమ్మా" అంటూంటే, నా తెలివి చూసి మురిసిపోతున్నాడనుకున్నాను. కిలోమీటరు రాళ్ళు, గోడల మీద సిమెంటు ప్రకటనలు, అన్నీ గొంతెత్తి చదివాను.

"మలుపుందని రాసుంటే అది ముందు చదువు. సిమెంటు తరవాత," అన్నాడు.

హైదరాబాదులో వెలుతురు ఉండగానే సత్రంలో దిగాం. సందె వేళ కిందికి వస్తూ నాన్న గోడకి చెయ్యి ఆనించి, పాదంతో ఒక్కో మెట్టూ వెతుక్కున్నాడు. నాకు ఆ మెట్లు బాగానే కనిపిస్తున్నాయి.

మర్నాడు సూర్యాపేట దాటాక కుడివైపు చేలోంచి ఒక సైకిలు రోడ్డెక్కింది. చాలాసేపటి నుంచి నేను దాన్ని చూస్తూనే ఉన్నాను. నాన్నకి మాత్రం అది సరిగ్గా అద్దం ముందుకి వచ్చాకే కనిపించింది. బ్రేకు వేసిన విసురుకి వెనక గిన్నెలన్నీ దొర్లాయి.

"కండ్లు కనవడ్తలేవా?" అని అరిచాడు సైకిలు మనిషి.

నాన్న మళ్ళీ గేరు వేసి, ఇంకా మెల్లిగా పోనిచ్చాడు.

ఇంటి వైద్యం పుస్తకంలో రేచీకటి మీద ఒక పేజీ ఉంది. అది నాకు కంఠతా వచ్చు. ఆ సాయంత్రం విజయవాడలో కుళాయి దగ్గర అమ్మకి చెప్పాను.

"నాన్నకి రేచీకటమ్మా. మునగాకు, బొప్పాయి పెడితే తగ్గిపోతుంది. పుస్తకంలో ఉంది."

అమ్మ బిందె కింద పెట్టింది. "పెద్దాసుపత్రిలో చూపించేం. కంట్లో నరాలు ఎండిపోతున్నాయంట. పక్కలకి చూపు ముందు పోతుందంట. ఆకులకీ కాయలకీ తగ్గేది కాదంట. నీ పుస్తకంలో అది రాయలేదా?"

"మరి స్కూలు వ్యాను..."

"మావయ్య ముందు ఈ మాట అన్నావో, ఆ పనీ ఉండదు, ఆ ఇల్లూ ఉండదు. విన్నావా?"

విన్నాను. ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు. మూడో రోజంతా సిమెంటు ప్రకటనల జోలికి పోలేదు. మలుపులు, మేకలు, పక్కనుంచి వచ్చే మనుషులు, వీటినే చెప్పుకుంటూ వచ్చాను. చెప్పడం ఒక్క క్షణం ఆపితే ఏమవుతుందో నాకు తెలుసు.

సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెనకి ముందు ఇరుసు విరిగిన లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా నిలిచిపోయింది. దాన్ని లాగేసరికి మధ్యాహ్నం గడిచిపోయింది. రావులపాలెం చేరేటప్పటికి అరటి గెలల బళ్ళ మీద ఎండ ఎర్రబడింది.

"ఏవండీ, ఈ పూటకి ఇక్కడే ఉండిపోదామండీ," అంది అమ్మ.

"మీ అన్నయ్య వంటలు చేయించి కూచుంటాడు. పది కిలోమీటర్ల ముందు ఎందుకాగిపోయేరంటే ఏం చెప్తావు?"

టీ కొట్టాయన గ్లాసులు తీసుకుంటూ, "కొత్తపేటకాండీ? కాలవ గట్టు మీద దారండి. మెల్లిగా వెళ్ళండి," అన్నాడు.

"ఆయ్, తెలుసండి. మా ఊరి దారే," అన్నాడు నాన్న.

గట్టెక్కేసరికి చీకటి కమ్ముకుంది. నాన్న ముక్కు అద్దానికి తగిలేంత ముందుకి వంగాడు. ఇక దాపరికం లేదు. "ఎడంపక్క ఎంతుంది?" అని అడుగుతున్నాడు. "రెండు గజాలు. గజం. కుడికి, కుడికి!" అంటున్నాను. ఎదురుగా బస్సు వచ్చింది. దాని లైట్లు దాటిపోయాక కూడా వ్యాన్ ఎడమకే జరుగుతోంది.

"ఆపు నాన్నా!"

ఆగింది. దిగుదామని తలుపు తీశాను. కాలి కింద నేల లేదు. లోతున నీళ్ళ చప్పుడు. అమ్మ నా జబ్బ పట్టి లోపలికి లాగింది.

అలా ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. మమ్మల్ని వెతుక్కుంటూ మావయ్య స్కూటరు మీద వచ్చాడు.

"ఏం బావా! కొత్తింటికి వద్దామనా, కాలవలో స్నానం చేద్దామనా?" అని పెద్దగా నవ్వాడు.

"ఇంజను వేడెక్కింది బావా," అన్నాడు నాన్న.

"చల్లారనియ్యి. రేపు ఏడింటికల్లా స్కూలు దగ్గరుండాలి. మా పిల్లలిద్దరూ నీ పక్క సీటు కోసం ఇప్పట్నుంచే జుట్లు పట్టుకుంటున్నారు."

అమ్మ వేళ్ళు నా జబ్బ మీద బిగుసుకున్నాయి. నా నోరు ఆగలేదు.

"మావయ్యా, నాన్నకి పక్కలు కనపడవు. చీకట్లో అసలేమీ కనపడదు."

మావయ్య నవ్వు ఆగిపోయింది. "నిజమేనా బావా?"

"పగలు, ఎదురుగా ఉన్నది కనపడుద్ది."

మావయ్య వంగి ముందు చక్రాన్ని చూశాడు. స్కూటరుకి తాళం వేసి, నాన్న వైపు తలుపు తీసి చెయ్యి చాపాడు. నాన్న తాళాలు ఇచ్చాడు, ఆ చేతికి జానెడు పక్కగా, గాలిలోకి. మావయ్యే చెయ్యి జరిపి అందుకున్నాడు. వ్యాన్ తనే నడిపాడు.

కొత్తింటి ముందు ఆపి, సామాను పొద్దున్న దింపుకోవచ్చన్నాడు. భోజనాల ఊసెత్తలేదు. అమ్మ నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. నాన్న వాకిట్లో నిలబడి, "మెట్లెన్ని?" అని అడిగాడు. ఇంకొకరి ముందు అలా అడగడం అదే మొదలు.

"మూడండి, బావగారూ," అన్నాడు మావయ్య.

నేను చెయ్యి అందించాను. నాన్న పట్టుకోలేదు.