సాయం ఆరని గడి

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. మా నాయనకు వేలూరులో గుడ్డల కొట్టు. నేను కౌంటరు కిందే పాకి, కౌంటరు వెనకే పెరిగాను. దయ్యం కొనదు, అమ్మదు, దానితో మనకేం పని అనుకునే ఇల్లు మాది. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

తొంభైల చివర గుడియాత్తంలో లుంగీలు నేయించి మద్రాసు ఏజెంటుకు పంపేవాణ్ణి. నలభై చేనేత మగ్గాలు నా చేతి కింద ఉండేవి. మగ్గానికి ఎక్కించే పడుగు నూలు నేనివ్వాలి. ఇవ్వకపోతే ఆ మగ్గం ఆగినట్టే. ప్రతి బుధవారం నేతగాళ్ళు లుంగీలు తెచ్చి ఇచ్చి, కొత్త పడుగు తీసుకుపోయేవాళ్ళు.

ఏజెంటు వారం వారం రిపోర్టు కావాలన్నాడు. వేలూరులో కంప్యూటర్ సెంటర్ నడిపే దండపాణి దగ్గర ఒక పాత కంప్యూటర్ కొన్నాను. గంటన్నర బేరమాడి, పాఠం కూడా ఊరికే చెప్పించుకున్నాను. పట్టికలో ఒక నిలువు వరుస ఒప్పుకున్న లుంగీలు, పక్క వరుస తెచ్చిన లుంగీలు. తెచ్చినవి తక్కువైతే నేతగాడి పేరున్న గడి ఎర్రబడుతుంది. సమానమైనా, ఎక్కువైనా ఆకుపచ్చ. అంతే.

అప్పటికే పవర్‌లూమ్ సరుకు చౌకగా దిగుతోంది. పది మగ్గాలు వదిలించుకోవాలని చూస్తున్నాను, మొహం మీద చెప్పడానికి ఒక సాకు కావాలి. ఆ ఎరుపు నాకు బాగా పనికొచ్చింది. పేరు ఎర్రబడితే పడుగు లేదు, చెప్పేది నేను కాదు, మిషన్ అంటూ తెర నేతగాళ్ళవైపు తిప్పేవాణ్ణి. చాలామందికి అక్షరాలు రావు. రంగులు మాత్రం నాకంటే బాగా తెలుసు.

ఒక బుధవారం గోవిందప్ప పేరు ఎర్రబడింది. అరవై దాటిన మనిషి, నా నేతగాళ్ళలో అందరికంటే పెద్ద. ఒప్పుకున్నవి ఎనిమిది. తెచ్చినవి ఎనిమిది. చెరిపి మళ్ళీ కొట్టాను. ఎరుపే.

తప్పని నాకు తెలుసు. తెలిసే తెర తిప్పాను.

వాదిస్తాడనుకున్నాను. అతను కళ్ళు చిట్లించి చాలాసేపు చూశాడు. మా వైపు అద్దకపు రంగును తమిళంలో లాగే సాయం అంటారు.

“నాయనా, ఇది మిగతావోళ్ళ ఎరుపు గాదు. తొట్లోంచి ఇప్పుడే తీసిన నూలు మాదిరి తడిగా ఉండాది. సాయం ఇంగా ఆరలేదు.”

“కంప్యూటర్ యాడన్నా తడుస్తాదా గోవిందప్పా? సరే, ఆరినాక రా. అప్పుడు పడుగిస్తా.”

వంతు కోసం బెంచీ మీద కూర్చున్న నేతగాళ్ళంతా నవ్వారు. నవ్వకపోతే బాగుండదని అతనూ నవ్వాడు. ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి వారానికి ఆ గడి కొంచెం వెలిసింది. తర్వాతి వారానికి ఇంకొంచెం. మిగతా ఎరుపులు ఎట్లున్నవి అట్లే ఉన్నాయి. దండపాణిని పిలిపిస్తే, రంగుల లెక్క మొత్తం తీసేసి మళ్ళీ పెట్టాడు. అన్ని గళ్ళూ రంగు పోయి తిరిగి వచ్చాయి. ఆ ఒక్కటి కదల్లేదు. తను పెట్టింది ఒకే ఎరుపని, దానికి వెలిసిపోవడం రాదని అన్నాడు. తెర పాతబడిందేమో అని కూడా అన్నాడు. తెర పాతబడితే ఒక్క గడే పాతబడుతుందా అని గదమాయించి, అతని బస్సు చార్జీ ఎగ్గొట్టాను.

నాలుగో బుధవారం కన్నమ్మ వచ్చింది. గోవిందప్ప వీధిలోనే ఉంటుంది, ఆమెదీ నా మగ్గమే. అతను తిండి మానేశాడని, ఖాళీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పొద్దంతా కూర్చుంటున్నాడని చెప్పింది.

“సాయం ఆరిందేమో చూసి రమ్మన్నాడప్పా.”

గడి అప్పటికే లేత గులాబీ రంగులో ఉంది. నేను ఒకసారి దిగొస్తే రేపు నలభై మందీ నా నెత్తినెక్కుతారని లెక్క వేసుకున్నాను.

“ఇంగా ఆరలేదని చెప్పు,” అన్నాను.

ఆరో బుధవారం పొద్దున చూస్తే గడి తెల్లగా ఉంది. కాసేపటికి కన్నమ్మ లుంగీలతో వచ్చింది. తెల్లారుజామున గోవిందప్ప పోయాడని చెప్పి, ఎనిమిది లుంగీలు లెక్కపెట్టి ఇచ్చి, బెంచీ మీద కూర్చుంది. ఆ రోజు నవ్వినవాళ్ళే పక్కన ఉన్నారు. ఎవరూ నావైపు చూడలేదు.

కన్నమ్మ లెక్క కొట్టాను. ఒప్పుకున్నవి ఎనిమిది, తెచ్చినవి ఎనిమిది, ఆకుపచ్చ. తర్వాత గోవిందప్ప వరుస తీసేశాను. కింద ఉన్న కన్నమ్మ వరుస ఆ ఖాళీలోకి జరిగింది. జరగగానే ఆమె పేరు ఎర్రబడింది. ఈసారి నాకూ తెలిసింది, అది తడి ఎరుపే.

తెర తిప్పలేదు. లేచి వెళ్ళి, పడుగు నా చేత్తోనే తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. అంతకుముందు ఎవరికీ అట్లా ఇచ్చింది లేదు. ఆమె దాన్ని రెండు చేతులా ఎత్తి, దించి, నా మొహం చూసింది.

“ఏమప్పా, తూకం తక్కువుండాదా?”

తూచేదాకా తీసుకోలేదు. తూకం సరిగానే ఉంది. ఆమె మెట్లు దిగి వెళ్ళాక తెర చూశాను. గడి ఆకుపచ్చగా ఉంది. నేను ఏ మీటా నొక్కలేదు.

కంప్యూటర్‌ను కొన్న ధరకే తిరిగి దండపాణికి అంటగట్టాను. అతను దాన్ని చాలా ఏళ్ళు వాడాడు, తేడా ఏమీ చూడలేదట. గోవిందప్ప పేరు ఎర్రబడిన వారం రిపోర్టు నకలు మాత్రం నా దగ్గర ఉంది. నలుపు తెలుపు అచ్చులో ఆ పేరు పక్కన రెండు ఎనిమిదులే కనిపిస్తాయి. ఎనిమిదికి ఎనిమిది ఎట్లా తక్కువైందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. దండపాణిని ఎన్నోసార్లు అడిగాను. సాయం ఆరిందా అని కన్నమ్మ అడగవచ్చిన రోజు గోవిందప్పకు ఒక్క పడుగు పంపి ఉంటే ఆ గడి కూడా పచ్చబడేదా అని మాత్రం ఎవరినీ అడగలేదు.