బర్రెకు చెప్పిన మాట

మా చిన్నప్పుడు... అమ్మకీ నాయనకీ గొడవైతే మాటలు మోసే పని నాది.

"మీ నాయన్ను అన్నానికి రమ్మను" అనేది అమ్మ. నాయన అక్కడే అరుగు మీద ఉండేవాడు. "ఆకలి లేదని చెప్పు మీ అమ్మకు" అనేవాడు. ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పేదాన్ని.

పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా చూసి నవ్వేది. "ఏమ్మే, తపాలా ఉద్యోగం ఖాయమైందా? జీతమేమన్నా ఇస్తున్నారా?"

నాయన కోపమంటే అరుపు. వీధి చివరి దాకా వినపడేది. అరిచి, చుట్ట కాల్చుకుని, మరిచిపోయేవాడు. అమ్మ అరవదు... మాట మానేస్తుంది. వంట చేస్తుంది, పేడ తీస్తుంది, నాయనతో మాత్రం పలకదు. ఒక్కోసారి వారం దాటేది. నేను ఇంట్లో లేకపోతే, చెప్పాల్సింది బర్రెకు చెప్పేది... ఆయన చెవిన పడేటట్టు. మా వైపు చాలా ఇళ్లలో అదే పద్ధతి.

అప్పుడు మాది కర్నూలు జిల్లా. మార్కాపురం దగ్గర మెట్ట ఊరు. బావి కింద కాస్త మిరపచేను. కపిలతో నీళ్లు తోడేవాళ్లు... తోలుబానకు మోకు కట్టి ఎడ్లతో లాగించడం. ఎడ్లు వాలులోకి దిగేటప్పుడు, తోలే మనిషి ఆ మోకు మీదే కూర్చుంటాడు.

ఆ ఏడు కంభంలో మా అమ్మమ్మకు జబ్బు చేసింది. చూసొస్తానంది అమ్మ.

"చేను ఎండుతుంటే నువ్వు పోయేదేంది? నీళ్లు కట్టేదెవరు, మీ అమ్మా?" అని కూలోళ్ల ముందే అరిచాడు నాయన.

అమ్మ ఇక నోరు తెరవలేదు. మా మామ వస్తే, తన బదులు నన్ను ఆయన వెంట కంభం పంపింది.

మామ నన్ను తిరిగి తీసుకొచ్చేసరికి నాయన మంచంలో ఉన్నాడు. నడుముకు కట్టు. ఇల్లంతా పసరు వాసన. కపిల తోలుతుంటే మోకు తెగి, వాలులో రాళ్ల మీద పడ్డాడట.

"మోకు పురి విడిపోయిందని పొద్దున్నే చూసినా. చెప్పినా" అంది అమ్మ, మామతో.

"ఎవరికి చెప్పినావక్కా?"

"బర్రెకు... ఆయన పక్కనే ఎడ్లను విప్పుతున్నాడు."

మంచంలోంచి నాయన అన్నాడు. "ఏందో గొణిగింది. నన్ను తిడుతోందిలే అనుకున్నా."

ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

నాయన మళ్లీ నాగలి పట్టలేదు. కర్ర ఊతంతో వాకిలి దాకా నడిచేవాడు, అంతే. ఎడ్లు అమ్మేశారు. అమ్మ కూలికి పోయింది. అమ్మమ్మ ఆ నెలలోనే పోయింది... అమ్మకు చివరిచూపు దక్కలేదు.

తర్వాత అమ్మ మారింది. ఏ చిన్న మాటైనా మంచం దగ్గరకు పోయి, ఎదురుగా నిలబడి చెప్పేది. "విన్నావా? విన్నానని చెప్పు" అనేది. నాయన గోడవైపు తిరిగేవాడు. అంత అరిచే మనిషి మాట్లాడటమే మానేశాడు. నాకు మోయడానికి మాటలు లేకుండా పోయాయి.

ఇప్పుడు మా ఊళ్లో కపిలలు లేవు, బోర్లొచ్చాయి. మొన్న మా కూతురింటికి పోతే, మొగుడూ పెళ్లాం చెరో గదిలో కూర్చుని ఫోన్లో మెసేజీలు పెట్టుకుంటున్నారు.

"ఏందే ఇది, ఒకే ఇంట్లో ఉండి?" అన్నాను.

"కోపం తగ్గేదాకా ఇదే మేలమ్మా" అంది.

కావచ్చు. మీ ఇళ్లలో మాటలు ఆగిపోయినప్పుడు పెద్దవాళ్లు ఏం చేసేవాళ్లో... గుర్తుంటే రాయండి.

పంపిన మాట అవతలి మనిషి చూశారో లేదో ఆ ఫోన్లో తెలిసిపోతుందట. ఆ పొద్దున మా అమ్మకు అంత మాత్రం తెలిసే దారి కూడా లేకపోయింది.